కరెంటుకు కళ్ళెం వేసే పెట్టె

ట్రాన్స్‌ఫార్మర్ పాఠం నడుస్తుండగా చిలకలూరిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చే కుర్రాడొకడు లేచి అడిగాడు. "సార్, ఇంట్లో ప్లగ్గులో 230 వోల్టులున్నాయి. దాంతో ఏ ఇనుమూ కరగదు. పేటలో వెల్డింగ్ షాపాయన రాడ్డు కాలేటప్పుడు హోల్డర్ దగ్గర పాతిక వోల్టులు కూడా ఉండవంటాడు. దాంతో ఇనుము ఎట్లా కరుగుతుంది?" వెంటనే అసలు సంగతి కూడా బయటపెట్టాడు. వాళ్ళది మిరప, పత్తి పండించే ఇల్లు. ట్రాక్టరు ట్రక్కు డోరు విరిగినా, మందు డ్రమ్ముకు స్టాండు కావాలన్నా ప్రతిసారీ పేటకు మోసుకుపోవాలి. వాళ్ళ నాన్న చిన్న వెల్డింగ్ మిషన్ ఒకటి కొందామనుకుంటున్నాడు. ఏది కొనాలి?

రెండు ప్రశ్నలకూ జవాబు ఆ పెట్టె లోపలే ఉంది. అందుకే ఆ రోజు పాఠం పక్కదారి పట్టినా నేను ఆపలేదు.

మొదటిది తేలిక. వేడిని లెక్కగట్టేది వాట్లలో. వోల్టులనూ ఆంపియర్లనూ గుణిస్తే వాట్లు వస్తాయి. 24 వోల్టుల దగ్గర 100 ఆంపియర్లు పారితే 2400 వాట్లు. ఇంట్లో గీజరు 2000 వాట్లు తిని, ఆ వేడిని తొట్టెడు నీళ్ళకు పంచుతుంది. ఆర్క్ అంతకంటే ఎక్కువ వేడిని చిటికెన వేలి గోరంత చోట కుమ్మరిస్తుంది. ఆర్క్ నడిమధ్య ఉష్ణోగ్రత 5000 డిగ్రీలు దాటుతుంది. ఇనుము 1538 డిగ్రీలకే నీరవుతుంది. ఆ 24 వోల్టుల అంకె ఎక్కడిదంటే, రాడ్ వెల్డింగ్ మిషన్ల ప్రమాణాల్లో ఒక చిన్న సూత్రం ఉంది: ఆంపియర్లను 0.04తో గుణించి 20 కలపాలి. 100 ఆంపియర్లకు 24 వోల్టులు, 200 ఆంపియర్లకు 28. ఈ సూత్రం గుర్తుంచుకుంటే కొట్టుకు వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

వేడి పుట్టించడం సులువే. పుట్టిన ఆర్క్‌ను ఒకే తీరున నిలబెట్టడం కష్టం. రాడ్డును ఇనుముకు తాకించిన క్షణాన అది షార్ట్ సర్క్యూట్. మూడు మిల్లీమీటర్లు పైకెత్తితే ఆర్క్ లేస్తుంది. మనిషి చెయ్యి వణుకుతుంది. ఎడం రెండు మిల్లీమీటర్లవుతుంది, నాలుగవుతుంది. కరిగిన చుక్క రాడ్డు కొస నుంచి జారేటప్పుడు ఒక్కోసారి మధ్యలో వంతెన కట్టి మళ్ళీ షార్ట్ చేస్తుంది. పైగా ఆర్క్‌ది విడ్డూరమైన స్వభావం. కరెంటు పెరిగిన కొద్దీ దానిలోని గాలి ఇంకా బాగా అయనీకరణ చెంది, ఇంకా ఎక్కువ కరెంటుకు దారి ఇస్తుంది. అడ్డుకునేది ఏదీ లేకపోతే మింగుతూ పోతుంది.

మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌ను ఈ పనికి పెడితే ఏమవుతుంది? ఊరి చివర స్తంభం మీద కనిపించే ట్రాన్స్‌ఫార్మర్ అంతర్గత అవరోధం సుమారు 4.5 శాతం. దాని తీగలు నేరుగా కలిస్తే మామూలు కరెంటుకు 22 రెట్లు పారుతుంది. అలాంటిదాన్ని వెల్డింగుకు పెడితే రాడ్డు తాకిన మొదటి క్షణమే ఫ్యూజు పోతుంది, లేదా రాడ్డు నిలువునా ఎర్రబడుతుంది. కావలసింది వేరే రకం మూలం. రాడ్డు తాకినా 100 ఆంపియర్లే, మూడు మిల్లీమీటర్లు ఎత్తినా 100 ఆంపియర్లే ఇచ్చేది.

తొలి రోజుల్లో దీనికి నాటు ఉపాయం ఉండేది. ఎక్కువ వోల్టేజీ తీసుకుని, మధ్యలో ఒక నిరోధకం పెట్టేవారు. 80 వోల్టుల మూలం, 24 వోల్టుల ఆర్క్ అనుకుందాం. మిగిలిన 56 వోల్టులు నిరోధకం మీద పడతాయి. 2400 వాట్ల పని కోసం 5600 వాట్లు ఊరికే వేడిగా పోతాయి.

ఇక్కడ వచ్చిన ఆలోచన నాకు యంత్రాల చరిత్రలోనే ఎంతో ఇష్టమైనది. ట్రాన్స్‌ఫార్మర్ కట్టేవాళ్ళకు ఒక శత్రువు ఉంటుంది, లీకేజీ ఫ్లక్స్. ప్రైమరీ చుట్ట పుట్టించిన అయస్కాంత బలం అంతా సెకండరీ చుట్టలోంచి పోవాలి. కొంత దారి తప్పి మధ్యలోనే తిరిగి వెళ్ళిపోతే లోడు పడ్డప్పుడు వోల్టేజీ కుంగుతుంది. అందుకే మంచి ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్టలనూ ఒకదాని మీద ఒకటి దగ్గరగా చుడతారు. వెల్డింగ్ మిషన్ కట్టినవాడు సరిగ్గా దీన్ని తిరగేశాడు. రెండు చుట్టలనూ కావాలనే దూరం చేశాడు. మధ్యలో జరిగే ఇనుప దిమ్మ ఒకటి పెట్టి, అయస్కాంత బలం దారి తప్పడానికి చక్కటి అడ్డదారి వేసి ఇచ్చాడు. పాత మిషన్ల పైన తిప్పే హ్యాండిల్ ఉంటుందే, అది తిప్పితే జరిగేది ఈ దిమ్మే. లోపలికి జరిగితే అడ్డదారి వెడల్పవుతుంది, కరెంటు తగ్గుతుంది. బయటికి వస్తే కరెంటు పెరుగుతుంది. మిషన్ ఆన్ చేయగానే వినిపించే గుర్రుమనే మోత చాలావరకు ఈ ఇనుముదే. అయస్కాంతం ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు లాగుతుంది కాబట్టి అది సెకనుకు 100 సార్లు కంపిస్తుంది.

ఈ లీకేజీ కరెంటును ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూడటానికి పదో తరగతి లెక్క చాలు. లీకేజీ ఒక చోక్‌లా పనిచేస్తుంది. దాని మీది వోల్టేజీ, ఆర్క్ మీది వోల్టేజీ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి, అంటే మామూలు కూడిక కాదు, పైథాగరస్ కూడిక. కర్ణం 80 వోల్టులు, ఒక భుజం 24. రెండో భుజం 76.3 వస్తుంది. 100 ఆంపియర్లకు 76.3 వోల్టులంటే లీకేజీ అవరోధం 0.763 ఓములు. ఇప్పుడు చెయ్యి వణికించి చూద్దాం. ఆర్క్ పొట్టిదై 20 వోల్టులైతే కరెంటు 101.5 ఆంపియర్లు. పొడుగై 28 వోల్టులైతే 98.2. రాడ్డు అతుక్కుపోయి పూర్తిగా షార్ట్ అయితే? 80ని 0.763తో భాగించండి. 105 ఆంపియర్లు. అంతే. స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌లో 22 రెట్లు ఎగిరిపడే చోట ఇక్కడ 5 శాతం పెరిగింది. ఒక్క స్విచ్చు, ఒక్క వాల్వు, ఒక్క కొలమానం లేకుండా, ఇనుము ముక్క ఉన్న చోటే ఈ పని చేస్తోంది. నిరోధకంలా ఇది శక్తిని వేడిగా మార్చి పారబోయదు కూడా. క్లాసులో ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ లీకేజీ ఇంకో మేలూ చేస్తుంది. దాని విలువ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1880లలో రష్యా సామ్రాజ్యానికి చెందిన నికొలాయ్ బెనార్డోస్ బొగ్గు కడ్డీతో ఆర్క్ లేపి ఇనుము అతికాడు. కొద్ది ఏళ్ళకే నికొలాయ్ స్లావ్యానోవ్ బొగ్గును తీసేసి, కరిగి అతుకులో కలిసిపోయే లోహపు కడ్డీనే వాడాడు. ఇద్దరివీ ఒకే దిక్కుకు పారే డీసీ కరెంటు మీద నడిచిన పద్ధతులు. ఉత్త కడ్డీతో అతికితే కరిగిన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పీల్చుకుని పెళుసవుతుంది. ఓడల బాయిలర్లు బాగుచేసే పనిలో ఉన్న స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెరి దీనికి మందు కనిపెట్టాడు. కడ్డీకి ఖనిజాల పూత పూశాడు. పూత కాలి, పొగై ఆర్క్‌ను కప్పుతుంది. కరిగి, తెట్టులా అతుకు మీద గడ్డకడుతుంది. చిప్పింగ్ సుత్తితో కొడితే ఊడివచ్చే పెచ్చు అదే. ఆయన 1904లో పెట్టిన కంపెనీ ఈసాబ్ రాడ్లు ఈనాటికీ మన బజార్లలో దొరుకుతాయి.

పూత వచ్చాకే ఏసీ కరెంటుకు దారి తెరుచుకుంది. ఏసీలో కరెంటు సెకనుకు 100 సార్లు సున్నా అవుతుంది. అంటే ఆర్క్ 100 సార్లు చచ్చి 100 సార్లు పుట్టాలి. పూతలోని పొటాషియం లాంటి లవణాలు ఆ సందులో కొంచెం అయనీకరణను మిగిల్చి పెడతాయి. మిగతా పని లీకేజీది. లీకేజీ వల్ల కరెంటు వోల్టేజీ వెనక పడి నడుస్తుంది. మన లెక్కలోని మిషన్‌లో ఆ వెనకబాటు 72 డిగ్రీల పైన. ఫలితంగా కరెంటు సున్నాకు వచ్చిన క్షణానికి వోల్టేజీ దాదాపు శిఖరం మీద ఉంటుంది. 80 వోల్టుల ఏసీకి శిఖరం 113. ఆర్క్ ఆరిన క్షణాన మిషన్ దగ్గర 108 వోల్టులు సిద్ధంగా ఉంటాయి. వెంటనే మళ్ళీ రాజుకుంటుంది. కరెంటుకు కళ్ళెం వేసిన గుణమే ఆర్క్‌కు ప్రాణమూ పోస్తోంది.

దీనికి మూల్యం కరెంటు లైను కడుతుంది. 80 వోల్టులు, 100 ఆంపియర్లు కలిసి 8000 వోల్ట్-ఆంపియర్లు. 230 వోల్టుల లైను నుంచి దాదాపు 35 ఆంపియర్లు లాగుతుంది. అందులో నిజంగా ఆర్క్‌లో ఖర్చయ్యేది 2400 వాట్లే, పవర్ ఫ్యాక్టర్ 0.3. మిగిలింది లైనులో అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. వెల్డింగ్ షాపులో రాడ్డు తగిలినప్పుడల్లా వీధిలో బల్బులు కునుకుతీసేది ఇందుకే. ఈ మిషన్లను చాలాచోట్ల రెండు ఫేజుల మధ్య 415 వోల్టులకు కలిపేదీ ఇందుకే. ఇంటి సింగిల్ ఫేజు మీటరు మీద నడిపించే సరుకు కాదు.

ఇక రెండో రకం మిషన్, ఇన్వర్టర్ కథ. పాత మిషన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకంత బరువు? ఒక్కో ఆవృత్తికి అది మోయవలసిన శక్తి ఎక్కువ కాబట్టి. సెకనుకు 50 సార్లే తిరిగే బండికి పెద్ద తొట్టి కావాలి. 50 వేల సార్లు తిరిగేదానికి దోసిలి చాలు. ఆవృత్తి వెయ్యి రెట్లు పెంచితే ఇనుప దిమ్మ స్థానంలో అరచేతిలో పట్టే ఫెర్రైట్ ముక్క సరిపోతుంది. ఇన్వర్టర్ మిషన్ చేసేది ఇదే. ముందు 230 వోల్టుల ఏసీని సుమారు 325 వోల్టుల డీసీగా మారుస్తుంది. దాన్ని సెకనుకు పదుల వేల సార్లు ముక్కలు చేసి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. అవతల మళ్ళీ డీసీ చేసి రాడ్డుకు ఇస్తుంది.

అంత వేగంగా, అంత కరెంటును కోసే కత్తి దొరకడమే ఆలస్యమైంది. ఆ కత్తుల్లో ముఖ్యమైనది ఐజీబీటీ. దాని అభివృద్ధిలో మొదట చెప్పుకోవలసిన పేరు బి. జయంత్ బాలిగ. మద్రాసులో పుట్టి, బెంగళూరు జాలహళ్ళిలో పెరిగి, ఐఐటీ మద్రాసులో చదివి, అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో 1980 ప్రాంతంలో ఆ పని చేశాడు. 2024లో ఆయనకు ఫిన్లాండ్ వారి మిలీనియం టెక్నాలజీ బహుమతి వచ్చింది. తర్వాతి కథ వేగంగా నడిచింది. విడిభాగాలు చవకయ్యాయి, నలుగురు మోసే మిషన్ భుజానికి తగిలించుకునే పెట్టె అయింది, ధర పది వేల లోపుకు దిగింది.

మరి కళ్ళెం ఏది? ఇన్వర్టర్‌లో లీకేజీ మీద ఆధారపడరు. బయటికి పోయే కరెంటును ఒక సెన్సరు నిరంతరం కొలుస్తుంది. గుండీ దగ్గర 100 పెడితే, 101 అయిన మరుక్షణం ముక్కల వెడల్పు తగ్గిస్తుంది, 99 అయితే పెంచుతుంది. పాత మిషన్‌లో ఇనుము స్వభావంగా చేసిన పనిని ఇది లెక్క చూసుకుని చేస్తుంది. అందుకే రాడ్డు అతుక్కుంటే కరెంటు కోసేయడం, చుక్క వంతెన కట్టినప్పుడు కాస్త ఎక్కువ ఇవ్వడం లాంటి తెలివితేటలు దీనికి వచ్చాయి. 100 ఆంపియర్ల వెల్డింగుకు ఇది లైను నుంచి లాగేది 18, 19 ఆంపియర్లు, పాతదానిలో సగం.

కాబట్టి ఇంటి మీటరు మీద నడిచే మొదటి మిషన్ ఇన్వర్టరే అని ఆ కుర్రాడికి చెప్పాను. అయితే పెట్టె మీద రాసిన 200 అంకెను చూసి మురిసిపోవద్దనీ చెప్పాను. సూత్రం ప్రకారం 200 ఆంపియర్లకు 28 వోల్టులు, అంటే 5600 వాట్లు. నష్టాలూ పవర్ ఫ్యాక్టరూ కలిపితే లైను నుంచి 40 ఆంపియర్ల పైన లాగాలి. ఇంట్లో పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది. పెట్టెలో 200 ఉన్నా గోడలోంచి రాదు. ఇంటి పనికి 80 నుంచి 120 ఆంపియర్లు చాలు. అదీ ఆ ప్లగ్గుకు పెట్టకుండా మీటరు దగ్గర నుంచి వేరే లావు వైరు, దానికి తగిన ఎంసీబీ వేయించుకోవాలి.

అడగవలసింది డ్యూటీ సైకిల్. 120 ఆంపియర్ల దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆపాలని. ఈ లెక్క వేసేది 40 డిగ్రీల గాలిలో. రెంటచింతల ఎండ తెలిసిన జిల్లా మనది. మే నెలలో రేకుల షెడ్డు కింద 40 ఎప్పుడో దాటిపోతుంది. కనుక పెట్టె మీద రాసినదానికి ఇంకొంచెం తగ్గించుకునే కాల్చాలి.

మన పల్లెల్లో ఇన్వర్టర్‌కు మూడు గండాలున్నాయి. మొదటిది తక్కువ వోల్టేజీ. పొలం మోటార్లు నడిచే వేళ 190 వోల్టులే వస్తుంటే, దానికి తోడు ఒక చదరపు మిల్లీమీటరు సన్న వైరు 30 మీటర్లు లాగితే అందులోనే 20 వోల్టులు పోతాయి. మిషన్ ఆగిపోతుంది, నింద మిషన్ మీద పడుతుంది. కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడాలి. రెండోది న్యూట్రల్ తెగడం. అప్పుడు 230 రావలసిన చోట 400 దాకా ఎగబాకవచ్చు. పాత మిషన్ ఒకసారి మూలిగి ఊరుకుంటుంది, ఇన్వర్టర్ బోర్డు పోతుంది. పని కాగానే ప్లగ్గు పీకడం, లైనులో ఓవర్ వోల్టేజీ కట్ పెట్టించుకోవడం దీనికి మార్గం. మూడోది దుమ్ము. ఫ్యాను లోపలికి లాగే గాలిలో నల్లరేగడి ధూళీ పత్తి నూగూ ఉంటాయి. నూగు రెక్కల సందుల్లో అట్టకట్టి వేడిని బయటికి పోనీయదు. గ్రైండర్ కొట్టే ఇనుప రజను ఇంకా ప్రమాదం, అది బోర్డు మీద పడితే కరెంటుకు దారి ఇస్తుంది. గ్రైండింగ్ పనిని వెల్డింగ్ మిషన్‌కు దూరంగా, గాలివాలుకు అవతల చేసుకోవాలి.

మూడు ఫేజుల కనెక్షన్ ఉండి, రోజంతా ట్రక్కు బాడీలు, గేట్లు అతికే షాపు పెట్టదలచినవాడికి మాత్రం ఆయిల్‌లో మునిగిన పాత రకం మిషన్‌ను నేను ఇప్పటికీ కాదనను. డీసీ ఆర్క్ మూలల దగ్గర అయస్కాంత బలానికి పక్కకు వాలుతుంది, ఏసీకి ఆ బెడద చాలా తక్కువ. చుట్ట కాలినా సబ్‌మెర్సిబుల్ మోటార్లు చుట్టే మన ఊరి మెకానిక్ దాన్ని మళ్ళీ చుట్టగలడు.

రాడ్లలో మొదట 6013 తెచ్చుకోవాలి. ముందున్న 60 అంటే అతుకు చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడు తట్టుకోవాలని. గేటు, స్టాండు, స్క్వేర్ పైపులకు 2.5 మిల్లీమీటర్ల రాడ్డు, 60 నుంచి 90 ఆంపియర్లు. యాంగిల్, చానల్ ఇనుముకు 3.15 మిల్లీమీటర్లది, 90 నుంచి 130. లారీ కమాను పట్టీతో చేసిన గొర్రు పళ్ళ దగ్గర మాత్రం 6013 మోసం చేస్తుంది. ఆ ఉక్కులో కార్బన్ ఎక్కువ. ఆర్క్ పక్కకు జరగ్గానే చుట్టూ ఉన్న చల్లటి ఉక్కు వేడిని గబుక్కున లాగేసుకుని, అతుకు అంచు గాజులా గట్టిపడి, తర్వాత చాలులో విరుగుతుంది. 250 డిగ్రీల పైకి ముందే కాచి, ఎండబెట్టిన 7018 రాడ్డుతో అతికి, బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. కాచి చల్లార్చే విద్య ఊరి కమ్మరికి తరాలుగా తెలుసు. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుంటే ఆ పని కుదురుతుంది. 7018 రాడ్డు చవక ఏసీ మిషన్ల మీద సరిగా నిలవదు. డీసీ ఇచ్చే ఇన్వర్టర్ మీద హాయిగా కాలుతుంది.

మిషన్‌కు పెట్టిన డబ్బులో కొంత ముందుగా ముఖానికీ చేతులకూ పెట్టాలి. 10 లేదా 11 నంబరు నల్ల అద్దం ఉన్న మాస్కు, తోలు గ్లవ్స్, మూసిన బూట్లు. ఆర్క్‌లోని అతినీలలోహిత కిరణాలు నల్లగుడ్డు మీది పైపొరను కాలుస్తాయి. రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటే బంగాళాదుంప ముక్కలతో సరిపెట్టకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆర్క్ లేనప్పుడు హోల్డర్ దగ్గర 60, 80 వోల్టులు ఉంటాయి. చెమట పట్టిన ఒంటితో, తడి నేల మీద ఒట్టి కాళ్ళతో రాడ్డు మార్చడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. జీఐ పైపు మీది జింకు పూతను గీకకుండా కాలిస్తే ఆ పొగకు సాయంత్రం చలిజ్వరం వస్తుంది. ఖాళీ డీజిల్ పీపానూ, పురుగుమందు డ్రమ్మునూ అసలు ముట్టకూడదు. అడుగున మిగిలిన ఆవిరి చాలు, పేలడానికి.

అన్నిటికంటే మన ప్రాంతపు ప్రమాదం పత్తి. నిప్పురవ్వలు మీటర్ల దూరం ఎగురుతాయి. పత్తి కుప్పలో పడిన రవ్వ మంట చూపకుండా లోలోపల గంటల తరబడి రగులుతుంది. పైన నీళ్ళు చల్లినంత మాత్రాన ఆరదు. వసారాలో తీసిన పత్తి ఉన్న రోజుల్లో, కల్లంలో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో ఇంటి దగ్గర హోల్డర్ పట్టకూడదు. కాయ మార్కెట్ యార్డుకు వెళ్ళి అమ్ముడైపోయాక, తొలకరికి ముందు, ఎండ తగ్గిన సాయంత్రాల్లో ఏడాదికి సరిపడా పనులు అతికేసుకోవచ్చు.